జాంబియా ఫ్యాక్టరీలు ఎందుకు ఆగిపోయాయి? ఒక మిల్లు ఇంజనీరు సమాధానం

తొలి అధ్యక్షుడు కెనెత్ కౌండా కంపెనీలను జాతీయం చేయడమే జాంబియా పరిశ్రమలను ముంచిందా, అంత రాగి ఉన్న దేశం పాతికేళ్లలో ఎందుకలా చితికిపోయింది అని మీరు అడిగారు. పోటీ పరీక్షల పుస్తకాల్లో దీనికి రెండు వాక్యాల జవాబు ఉంటుంది: రాగి ధర పడిపోయింది, ప్రభుత్వ సంస్థలు నష్టాల పాలయ్యాయి. రెండూ నిజమే. ఆ రెండింటికీ మధ్య ఉన్న లంకె మాత్రం వాటిలో కనిపించదు. నేను 1981 నుంచి 1988 దాకా అక్కడ ప్రభుత్వ రంగంలోని ఒక నూలు మిల్లులో మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేశాను. ఆ లంకె ఏమిటో రోజూ కళ్లారా చూసినవాణ్ని గనక కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఒక చిన్న వస్తువు గురించి చెప్పాలి. నూలు వడికే రింగ్ ఫ్రేములో ప్రతి స్పిండిల్ చుట్టూ ఒక ఉక్కు రింగు ఉంటుంది. ఆ రింగు అంచును పట్టుకుని, సగానికి విరిచిన చేతిగాజులా వంగి ఉన్న చిన్న తీగ ముక్క గిరగిరా తిరుగుతుంది. దాన్ని ట్రావెలర్ అంటాం. నూలు దాని గుండా వెళ్లి పురి ఎక్కి బాబిన్‌కు చుట్టుకుంటుంది. ఇరవయ్యో నంబరు నూలుకు వాడే ట్రావెలర్ బరువు గ్రాములో పదో వంతు కూడా ఉండదు. మెంతిగింజ కన్నా కాస్త పెద్దది, అంతే. నిమిషానికి వేల చుట్లు తిరిగే రాపిడికి కొన్ని వారాల్లోనే అరిగిపోతుంది. అరిగినదాన్ని బాగుచేయడం కుదరదు, పారేసి కొత్తది వేయాల్సిందే. వేయకపోతే నూలు తెగుతూనే ఉంటుంది.

ఆ ట్రావెలర్ జాంబియాలో ఎక్కడా తయారయ్యేది కాదు. డాలర్లు పెట్టి బయటి నుంచి తెప్పించుకోవాలి. ఆ డాలర్లు వచ్చేది ఒక్క రాగి మీదే. దేశం ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా రాగే ఉన్న రోజులవి. లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో రాగి ధర తగ్గితే, ఆ ఎక్స్ఛేంజ్ పేరు కూడా వినని అమ్మాయి నడిపే రింగ్ ఫ్రేము కొన్నాళ్లకు ఆగిపోయేది.

ఆ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే 1964 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది అక్టోబరు 24న బ్రిటిష్ పాలనలోని ఉత్తర రొడీషియా స్వతంత్ర జాంబియా అయింది. లెక్కల్లో చూస్తే అది సంపన్న దేశమే. కానీ దేశం మొత్తం మీద పట్టభద్రులైన జాంబియన్లు వందకు కాస్త అటూ ఇటూ మాత్రమే ఉన్నారు. గనుల్లో ఇంజనీర్లు, ఫోర్‌మన్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. రాగి మీద రాయల్టీ హక్కు స్వాతంత్య్రం ముందురోజు దాకా బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ చేతిలోనే ఉండేది. అంతకుముందు పదేళ్లు, 1953 నుంచి 1963 వరకు, దక్షిణ రొడీషియాతో (నేటి జింబాబ్వే) కలిపి కట్టిన ఫెడరేషన్‌లో రాగి ఆదాయం దక్షిణానికి తరలిపోయింది. జాంబెజీ మీద 1959లో పూర్తయిన కరీబా ఆనకట్టను చూడండి. నది రెండు దేశాలకూ ఉమ్మడి సరిహద్దు, విద్యుత్తులో పెద్ద వాటా కావలసింది ఉత్తరాన ఉన్న రాగి గనులకు. విద్యుత్ కేంద్రం మాత్రం దక్షిణ ఒడ్డున కట్టారు. ఫ్యాక్టరీలు కూడా అలాగే దక్షిణాది నగరాలైన సాలిస్‌బరీ, బులవాయో చుట్టూ పెరిగాయి. జాంబియా వాటా గనులు, వాటి పక్కనే కార్మికుల వాడలు.

ఆ వెంటనే, 1965 నవంబరులో, దక్షిణాన ఇయాన్ స్మిత్ తెల్లవారి ప్రభుత్వం ఏకపక్షంగా స్వాతంత్య్రం ప్రకటించుకుంది. జాంబియా రాగి సముద్రానికి చేరాలన్నా, బొగ్గూ పెట్రోలూ లోపలికి రావాలన్నా ముఖ్యమైన రైలు దారి ఆ దేశం మీదుగానే. కౌండా వంగి ఉంటే ఆ రైళ్లు అడ్డంకి లేకుండా నడిచేవి. ఆయన వంగలేదు. పెట్రోలు డ్రమ్ములు వేసుకుని లారీలు టాంజానియా రేవు దార్ ఎస్ సలాం నుంచి మట్టిరోడ్డు మీద వచ్చేవి. ఆ దారికి నరకపు దారి అనే పేరు స్థిరపడింది. 1968లో దార్ ఎస్ సలాం నుంచి ఎండోలాకు చమురు గొట్టం వేశారు. మాంబాలో సొంత బొగ్గు గని తెరిచారు. పాశ్చాత్య దేశాలు, ప్రపంచ బ్యాంకు లాభసాటి కాదని తోసిపుచ్చిన రైలు మార్గాన్ని చైనా వడ్డీ లేని అప్పిచ్చి 1970 నుంచి 1975 మధ్య కట్టిపెట్టింది. అదే టజారా, కపిరి ఎంపోషి నుంచి దార్ ఎస్ సలాం వరకు 1,860 కిలోమీటర్లు. కొండలు తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి వేసిన ఆ మార్గంలో నేను ఒకసారి ప్రయాణించాను. రైలు ఎంత ఆలస్యమైనా నాకు విసుగు రాలేదు. తన రాగిని తన దారిన పంపుకోవడానికి ఒక దేశం ఎంత భారం నెత్తికెత్తుకుందో అక్కడ ప్రతి సొరంగమూ చూపిస్తుంది. జాంబియా దండిగా ఖర్చు పెట్టి చెడిందని తేలిగ్గా అనేవాళ్లు ఈ లెక్క వేయరు. అభివృద్ధికి పోవలసిన డబ్బులో పెద్ద భాగం, దక్షిణాఫ్రికా జాత్యహంకారానికీ రొడీషియాకూ తలవంచనందుకు కట్టిన మూల్యం. నా దృష్టిలో అది దుబారా కానే కాదు.

ఇక జాతీయీకరణ. 1968 ఏప్రిల్‌లో ములుంగుషి ప్రకటనతో దాదాపు పాతిక కంపెనీల్లో 51 శాతం వాటా ప్రభుత్వం తీసుకుంది. 1969 ఆగస్టులో మటేరో ప్రకటనతో రాగి గనుల వంతు వచ్చింది. అప్పటిదాకా ఆంగ్లో అమెరికన్, రోన్ సెలెక్షన్ ట్రస్ట్ అనే రెండు సంస్థలవే గనులన్నీ. లాభాలు బయటికి పోతున్నాయి, కొత్త గనుల్లో పెట్టుబడి పెట్టడం లేదు అన్నది కౌండా ఫిర్యాదు. అందులో న్యాయం ఉంది. కానీ 51 శాతం వాటాకు పరిహారం బాండ్ల రూపంలో కట్టాలి, యాజమాన్యం ఒప్పందం మీద పాత కంపెనీల చేతుల్లోనే ఉంది. వాటా దేశానిది, పని తెలిసిన చేయి పరాయిది. 1973లో ఆ బాండ్లను గడువుకు ముందే తీర్చడానికి విదేశీ మార్కెట్లో అప్పు చేశారు. రాగి ధర 1974 ఏప్రిల్‌లో శిఖరానికి చేరి, అదే ఏడాది ముగిసేసరికి సగానికి పడిపోయింది. మళ్లీ మూడు దశాబ్దాల పాటు సరిగా లేవలేదు. అంతకుముందు ప్రభుత్వ ఆదాయంలో సగం ఇచ్చిన గనుల నుంచి మూడేళ్లు తిరిగేసరికి ఖజానాకు దాదాపు ఏమీ రాలేదు. అదే సమయంలో అంగోలా యుద్ధంతో పడమటి వైపు బెంగ్వెలా రైలు మార్గం కూడా మూతపడింది.

పతనం మొదలయ్యాక అందరూ అనుకున్నది ఒకటే: ఇది ఒకటి రెండేళ్ల ముచ్చట, ధర మళ్లీ లేస్తుంది, అప్పటిదాకా అప్పు తెచ్చుకుందాం. కౌండా మంత్రులు మాత్రమే అలా అనుకోలేదు, అప్పు ఇచ్చినవాళ్లూ అలాగే అనుకున్నారు.

నేను వెళ్లేనాటికి ఏడేళ్లుగా అదే నడుస్తోంది. మా మిల్లు ఎలా ఉండేదో చెబుతాను. యంత్రాలు మంచివి, పాతబడలేదు. పత్తి దేశంలోనే పండుతుంది, తూర్పు, మధ్య రాష్ట్రాల రైతులు పండించేవారు. కరెంటు కాఫ్యూ జలవిద్యుత్తు, చవక. పనివాళ్లు చురుకైనవాళ్లు. చిటెంగే అనే రంగురంగుల నడుంబట్ట జాంబియాలో ప్రతి ఆడమనిషికీ కావాలి, అందుకని సరుకు అమ్ముడుపోదన్న భయం లేదు. అలాంటి మిల్లులో మూడో వంతు ఫ్రేములు ఎప్పుడూ ఆగే ఉండేవి. ట్రావెలర్లు కావాలంటే ముందు దిగుమతి లైసెన్సు తెచ్చుకోవాలి, అది వచ్చాక డాలర్ల మంజూరు కోసం వేచి ఉండాలి, అది వచ్చేసరికి లైసెన్సు గడువు తీరిపోయేది. అక్కడ కూర్చున్న గుమాస్తాను నేను ఏనాడూ తప్పుపట్టలేదు. ఆయన బల్ల మీద ఆస్పత్రి మందుల దరఖాస్తు ఉంది, గనుల పంపుల దరఖాస్తు ఉంది, ఎరువుల దరఖాస్తు ఉంది. వాటిని తోసేసి నూలు మిల్లుకు మెంతిగింజలు తెప్పించమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం?

మా ఫిట్టరు రాగి గనుల ప్రాంతమైన కాపర్‌బెల్ట్ నుంచి వచ్చిన బెంబా తెగ మనిషి. 1984లో ఆరు నెలలు కొత్త ట్రావెలర్లు రానప్పుడు ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. షిఫ్టు అయ్యాక ఫ్రేముల కింద అయస్కాంతం తిప్పి, ఊడిపడిన పాత ట్రావెలర్లన్నీ ఏరేవాడు. కిరోసిన్‌లో కడిగి, తెల్లకాగితం మీద పరిచి, భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూసేవాడు. ఒక పక్క అరిగి, రెండో పక్క ఇంకా బాగున్నవి ఒక డబ్బాలో. రెండు పక్కలా పోయినవి ఇంకో డబ్బాలో. మొదటి డబ్బాలోనివి మళ్లీ ఎక్కించేవాళ్లం. నాలుగైదు రోజులు నడిచేవి. ఒక పూట నేను కూడా పక్కన కూర్చుని ఏరుతుంటే ఆయన అన్నాడు, “ముక్వాయి, మా నాన్న ఎంకానా గనిలో భూమి కింద ముప్ఫై ఏళ్లు రాగి తవ్వాడు. నేను నేల మీద ఇనుము ఏరుతున్నాను.” ముక్వాయి అంటే బెంబాలో అయ్యా అని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇక్కడే నాకు వరంగల్ గుర్తొచ్చేది. జాంబియా వెళ్లకముందు నేను ఆజంజాహి మిల్లులో పని నేర్చుకున్నాను. అది కూడా ప్రభుత్వ రంగమే. అక్కడా నష్టాలే, అక్కడా ఫైళ్లు కదిలేవి కావు. కానీ ట్రావెలర్లు లేవని మా ఫ్రేము ఆగిన గుర్తు నాకు లేదు. కోయంబత్తూరుకు ఉత్తరం రాస్తే రైలు పార్సిల్లో వచ్చేసేవి. ట్రావెలర్లు మాత్రమే కాదు, స్పిండిళ్లు, రింగులు, గేర్లు, చివరికి ఫ్రేము మొత్తం ఇక్కడే తయారయ్యేది. మన మిల్లులు మూతపడినా వాటి కారణాలు వేరు. జాంబియాలో మిల్లు పెట్టారు గానీ, మిల్లుకు కావలసినవి తయారుచేసే మిల్లు పెట్టలేదు. దిగుమతి బట్ట మానేయడం కోసం కట్టిన ఫ్యాక్టరీ దిగుమతి విడిభాగాల మీద బతకాల్సి వచ్చింది. బట్ట దిగుమతి ఆగితే జనం పాత బట్ట ఇంకో ఏడాది కట్టుకుంటారు, విడిభాగం ఆగితే వెయ్యి మంది జీతం ఆగుతుంది. అందుకే, ప్రభుత్వ యాజమాన్యం వల్లే చెడింది అన్నవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. మా పొరుగునే పూర్తిగా ప్రైవేటువాళ్ల చేతిలో ఉన్న చిన్న ఫ్యాక్టరీ కూడా సరిగ్గా మాలాగే ఆగి ఆగి నడిచేది, ఎందుకంటే దాని యజమానికీ డాలర్లు దొరకలేదు.

ప్రభుత్వ యాజమాన్యం తప్పులు లేవని కాదు. లివింగ్‌స్టన్‌లో ఫియట్ కార్ల అసెంబ్లీ పెట్టారు. ప్రతి బోల్టూ బయటి నుంచి రావాలి, తయారయ్యే కార్లు కొన్నే. పరువు కోసం పెట్టిన ఫ్యాక్టరీ అది. మరోవైపు మజబూకా దగ్గర నకంబాలా చెరకు తోట, చక్కెర ఫ్యాక్టరీ 1960ల చివర్లో మొదలై నేటికీ నిక్షేపంగా నడుస్తున్నాయి. చెరకు పక్క పొలంలో ఉంది, నీళ్లు కాఫ్యూ నదిలో ఉన్నాయి, బాయిలర్లో వేయడానికి చెరకు పిప్పి ఉంది. ప్రభుత్వానికి వాటా ఉన్నప్పుడూ అది నడిచింది, ప్రైవేటుకు పోయాకా నడిచింది. చిలాంగా సిమెంటు కూడా అంతే, సున్నపురాయి కళ్ల ముందే ఉంది. లువాన్షాలో రాగి నుంచి తీగలు, కేబుళ్లు తీసే జామెఫా ఇంకో ఉదాహరణ. యజమాని ఎవరన్న ప్రశ్నకన్నా, ఫ్యాక్టరీ నడవడానికి ఏటా ఎన్ని డాలర్లు కావాలన్న ప్రశ్న చావుబతుకులను ఎక్కువగా తేల్చిందని నా అనుభవం.

1985 అక్టోబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) సలహాతో డాలర్లను వారం వారం వేలం వేయడం మొదలుపెట్టారు. మొదటి వేలంలోనే జాంబియా కరెన్సీ క్వాచా విలువ సగానికి పైగా పడింది. మాకు ట్రావెలర్లు దొరికాయి, అది నిజం. లైసెన్సు కోసం తిరగకుండా నేరుగా కొనుక్కున్నాం. కానీ ధర అన్ని రెట్లు పెరిగితే నూలు ధరా పెరగాలి, కొనేవాళ్ల జీతాలు పెరగలేదు. తర్వాతి ఏడాది డిసెంబరులో మొక్కజొన్న పిండి మీద సబ్సిడీ తీసేశారు. జాంబియాలో మొక్కజొన్న పిండితో చేసే ఎన్షిమా లేకుండా భోజనం లేదు, మనకు అన్నం ఎలాగో అలాగ. ఒక్కసారిగా పిండి ధర రెట్టింపు దాటింది. కాపర్‌బెల్ట్ పట్టణాలు కిట్వే, ఎండోలాలో జనం గిడ్డంగుల మీద పడ్డారు. కాల్పుల్లో, తొక్కిసలాటల్లో పదిహేను మంది దాకా చనిపోయారు. కౌండా ధర పెంపును వెనక్కు తీసుకున్నాడు. 1987 మే నెలలో ఐఎంఎఫ్‌తోనే తెగతెంపులు చేసుకుని, డాలరుకు 8 క్వాచాలని ఖాయం చేశాడు. మేం మళ్లీ అయస్కాంతం బయటికి తీశాం. నా కాంట్రాక్టు 1988లో ముగిసింది. 1990లో మళ్లీ పిండి అల్లర్లు, 1991లో బహుళపార్టీ ఎన్నికలు. కౌండా ఓడిపోయి, గౌరవంగా దిగిపోయాడు.

ఆ తర్వాత జరిగిందే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. కౌండాను ఓడించి వచ్చిన చిలూబా ప్రభుత్వం కొన్నేళ్లలోనే సుంకాలు బాగా తగ్గించింది, డాలరు మారకం మీద అదుపును పూర్తిగా వదిలేసింది, 1992 నుంచి రెండు వందలకు పైగా ప్రభుత్వ సంస్థలను అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు ట్రావెలర్లు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. కానీ అదే తలుపు గుండా అమెరికా, యూరప్‌లలో వాడేసిన బట్టలు బేళ్లు బేళ్లుగా వచ్చిపడ్డాయి. వాటిని సలౌలా అంటారు. బెంబాలో కుప్పలో వెతికి ఏరుకోవడం అని అర్థం. పదిహేనేళ్లు విడిభాగాలు లేక చిక్కిపోయిన మిల్లును, నయమై లేవకముందే పరుగు పందెంలో నిలబెట్టారు. నేను 1998లో మళ్లీ వెళ్లినప్పుడు మా మిల్లు గేటుకు తాళం ఉంది. రింగ్ ఫ్రేములు తుక్కు కింద పోయాయని కాపలావాడు చెప్పాడు. లివింగ్‌స్టన్‌లో బట్టల ఫ్యాక్టరీలన్నీ అదే బాట పట్టాయి. విచిత్రమేమిటంటే ఆ దశాబ్దంలోనే పత్తి పంట పెరిగింది. ఒప్పంద సేద్యంతో రైతులు ముందుకన్నా ఎక్కువ పండించారు. గింజ తీసిన దూది బేళ్లు కట్టుకుని అలాగే ఎగుమతి అయ్యేవి. దూది వెళ్లిపోతుంది, పాత చొక్కా తిరిగి వస్తుంది.

గనుల కథ కూడా ఇంతే, కాకపోతే పెద్ద ఎత్తున. 1982లో గనులన్నిటినీ కలిపి జెడ్‌సీసీఎం అనే ఒకే సంస్థ చేశారు. కార్మికుడికి ఇల్లు, పిల్లలకు బడి, ఆస్పత్రి, వీధి దీపాలు అన్నీ ఆ సంస్థే చూసేది. ఆ ఖర్చులన్నిటికీ గని డబ్బే వాడి, గని లోపల పెట్టుబడి పెట్టలేదు. 1969 ప్రాంతంలో ఏడు లక్షల టన్నులున్న ఉత్పత్తి 2000 నాటికి రెండున్నర లక్షలకు దిగింది. 1990ల ఆరంభంలో యాభై వేల పైచిలుకు ఉద్యోగులుంటే దశాబ్దం తిరిగేసరికి సగం కూడా మిగల్లేదు. 1997 నుంచి 2000 మధ్య ముక్కలుగా అమ్మేశారు. లువాన్షా గనిని కొన్నది మన దేశపు సంస్థే, మూడేళ్లకే అది చేతులెత్తేసింది. అక్కడ జీతాలు రాని కుటుంబాలను చూశాక ఆ ఊళ్లో భారతీయుణ్నని చెప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు. కొత్త యజమానులతో రాసుకున్న ఒప్పందాల్లో రాయల్టీ 0.6 శాతం. సరిగ్గా ఆ తర్వాతే, 2004 నుంచి, చైనా గిరాకీతో రాగి ధర ఆకాశాన్నంటింది. సోల్వేజీ వైపు కన్సాన్షి, లుమ్వానా లాంటి పెద్ద గనులు వచ్చాయి. 2008లో అదనపు లాభాల పన్ను వేసి, ధర పడగానే 2009లో తీసేశారు. ఉత్పత్తి మళ్లీ పాత స్థాయికి చేరింది. కానీ ఆ ధైర్యంతో 2012, 2014, 2015లలో మూడు సార్లు డాలరు బాండ్లు అమ్మి అప్పు చేసి, 2020 నవంబరులో వాయిదా కట్టలేక చేతులెత్తేశారు. 1973 బాండ్ల కథ చదివినవాళ్లకు ఇది కొత్త కథగా కనిపించదు.

కాబట్టి పరీక్షలో రాయాల్సి వస్తే, జాతీయీకరణ ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టకండి. వలస పాలన వదిలివెళ్లిన, రాగి ఒక్కటే ఆధారమైన ఆర్థికం, దక్షిణ సరిహద్దు మూల్యం, దిగుమతుల మీద ఆధారపడిన దిగుమతి ప్రత్యామ్నాయం, ధర లేస్తుందన్న నమ్మకంతో చేసిన అప్పు, చివర్లో ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వని సరళీకరణ, ఈ వరసలో రాయండి. జాంబియా, పొరుగున ఉన్న డెమొక్రటిక్ కాంగో కలిసి విద్యుత్ వాహనాల బ్యాటరీలకు కావలసినవి తమ దగ్గరే తయారుచేయాలని 2022లో ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఫ్యాక్టరీ వార్త ఎప్పుడైనా చదివితే, దాని యంత్రాలకు అరిగిపోయే భాగాలు ఎక్కడ తయారవుతాయో వెతికి చూడండి.

మా ఫిట్టరు సంగతి చెప్పలేదు కదా. 1998లో ఆయన్ని ఎండోలా శివార్లలో ఒక రేకుల షెడ్డులో కలిశాను. ప్రభుత్వం పిండి మిల్లుల గుత్తాధిపత్యం వదిలేశాక వాడవాడలా చిన్న హ్యామర్ మిల్లులు పుట్టుకొచ్చాయి. మొక్కజొన్న తెచ్చుకున్నవాళ్లకు అక్కడికక్కడే ఆడించి ఇచ్చేవి. వాటిలో సుత్తుల్లా తిరిగే ఉక్కు పలకలు రెండు నెలలకోసారి అరుగుతాయి. ఆయన లారీల పాత కమాన్ పట్టీలు కొని, కోసి, రంధ్రాలు చేసి, నిప్పుల్లో కాల్చి పాత ఇంజన్ ఆయిల్లో ముంచి గట్టిపరిచి ఆ పలకలు తయారుచేసేవాడు. ఇద్దరు కుర్రాళ్లు పని నేర్చుకుంటున్నారు. నా చేతిలో ఒకటి పెట్టి, బరువు చూడమన్నాడు. పలకలన్నీ ఒకే బరువు లేకపోతే మిల్లు అదురుతుందని, అందుకని ప్రతి జతా తూచి ఇస్తానని చెప్పాడు. మూలన త్రాసు ఉంది. పక్కనే పాత డబ్బాలో ఆ అయస్కాంతం ఉంది, ఇప్పుడు ఇనుప రజను ఏరడానికి వాడుతున్నాడు.